రెండడుగుల ట్యాంకుకు ఎన్ని వాట్ల హీటర్? లెక్క లీటర్లతో తేలేది కాదు

డిసెంబర్ వచ్చిందంటే అక్వేరియం షాపుల్లో ఈ ప్రశ్న రోజూ వినిపిస్తుంది: "రెండడుగుల ట్యాంకు ఉంది, ఎన్ని వాట్ల హీటర్ పెట్టాలి?" జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది. లీటరుకు ఒక వాట్. ట్యాంకులో యాభై లీటర్ల నీళ్లుంటే యాభై వాట్ల హీటర్. గుర్తుపెట్టుకోవడానికి సులువు కాబట్టి ఈ సూత్రం బాగా పాతుకుపోయింది.

కానీ అదే యాభై వాట్ల హీటర్ ఆదిలాబాద్‌లో ఒక ఇంట్లో రాత్రంతా వెలుగుతూనే ఉండి కూడా నీళ్లను వెచ్చగా ఉంచలేకపోవచ్చు. విజయవాడలో ఇంకో ఇంట్లో దానికి పనే తగలకపోవచ్చు. సూత్రం రెండు చోట్లా ఒకటే, నీళ్లూ అవే యాభై లీటర్లు. తేడా అంతా గదిలో ఉంది. ఆ గది ఎంత చల్లబడుతుందో సూత్రం అడగదు. హీటర్ పాడైతే ఎటువైపు పాడవుతుందో కూడా అడగదు. నా దృష్టిలో ఈ రెండో విషయమే ఎక్కువ చేపల ప్రాణం తీస్తోంది.

చేప ఒంట్లో వేడి నీళ్లదే

మన ఒళ్లు బయట చలిగా ఉన్నా ఎండగా ఉన్నా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడుతుంది. అక్వేరియం చేపలకు ఆ ఏర్పాటు లేదు. నీళ్లు 22 డిగ్రీలుంటే వాటి ఒళ్లూ దాదాపు 22. తిన్నది అరగడం, ఈదే ఓపిక, రోగాన్ని తట్టుకునే శక్తి అన్నీ ఆ అంకెతోపాటు పెరుగుతాయి, తగ్గుతాయి.

ఏ చేపకు ఎంత కావాలన్నది అది ఏ నీళ్లకు అలవాటు పడిన జాతో దాన్ని బట్టి ఉంటుంది. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప, 18 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, దానికి హీటర్ అక్కర్లేదు. గప్పీలు 22 నుంచి 28 వరకు సర్దుకుంటాయి. ఫైటర్‌కు 24 నుంచి 28 కావాలి. డిస్కస్‌కు 28 నుంచి 30. అంటే గోల్డ్ ఫిష్‌నూ ఫైటర్‌నూ ఒకే ట్యాంకులో వేస్తే, హీటర్ ఎంత మంచిదైనా వాటిలో ఒకదానికి నీళ్లు ఎప్పుడూ సరిపడవు.

చలికాలంలో చాలా ఇళ్లలో మొదట కనబడేది తెల్ల మచ్చల జబ్బు. చేప ఒంటి మీద, రెక్కల మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు వస్తాయి. అది చలి వల్ల పుట్టే జబ్బు కాదు, ఒక పరాన్నజీవి వల్ల వచ్చేది. నీళ్లు ఒక్కసారిగా చల్లబడి చేప బలహీనపడినప్పుడు దానికి దారి దొరుకుతుంది. అందుకే చుక్కలు కనబడగానే "హీటర్ పెట్టండి" అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. వేడి పెరిగితే ఆ జీవి జీవితచక్రం వేగంగా తిరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర వారంలోపే పూర్తయ్యే చక్రం, 10 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు పడుతుంది. మందు పనిచేసేది ఆ జీవి చేపను వదిలి నీళ్లలో ఈదే దశలోనే కాబట్టి, చక్రం వేగంగా తిరిగితే మందుకు అది త్వరగా దొరుకుతుంది. 30 డిగ్రీలకు పెంచితే మందే అక్కర్లేదని కొందరు అనుభవజ్ఞులు అంటారు. వేడిని తట్టుకునే రకాలు కూడా ఉంటాయని, పైగా వెచ్చని నీళ్లలో ఆక్సిజన్ తగ్గి నీరసించిన చేప మరింత ఇబ్బంది పడుతుందని ఇంకొందరు అంటారు. నాకు రెండో వాదనే గట్టిగా కనిపిస్తుంది. వేడి మందుకు తోడు మాత్రమే, దాని స్థానంలోకి రాదు.

నీళ్లను వెచ్చబెట్టడం వేరు, వెచ్చగా నిలపడం వేరు

హీటర్ చేసే పనులు రెండు. ఒకటి, చల్లని నీళ్లను కావలసిన డిగ్రీకి తీసుకురావడం. రెండు, అక్కడే నిలపడం. లీటరు లెక్క మొదటి పనికి సంబంధించినది. హీటర్ రోజూ చేసేది మాత్రం రెండో పని.

మొదటిది చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 1.16 వాట్-అవర్లు కావాలి. వెయ్యి వాట్-అవర్లు కలిస్తే కరెంటు బిల్లులో ఒక యూనిట్. యాభై లీటర్లను ఒక డిగ్రీ పెంచాలంటే 58 వాట్-అవర్లు, అంటే యాభై వాట్ల హీటర్‌కు గంటకు కాస్త పైన. ఐదు డిగ్రీలు పెంచాలంటే దాదాపు ఆరు గంటలు. పక్కకు పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, చిన్న హీటర్ అయినా ఆలస్యంగానైనా ఆ పని చేసేస్తుంది.

కానీ వేడి పక్కకు పోతూనే ఉంటుంది. నాలుగు వైపుల అద్దాల్లోంచి గదిలోకి పోతుంది, పైనుంచి ఆవిరై పోతుంది. గదికీ నీళ్లకూ తేడా ఎంత ఉంటే అంత వేగంగా పోతుంది. ఎంత పోతోందో ఇంట్లోనే కొలవవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు. అంచుదాకా నింపితే 56 లీటర్లు పడుతుంది. కింద రాళ్లు, పైన కాస్త ఖాళీ పోను యాభై లీటర్లు అనుకుందాం. మూత లేదు. నీళ్లు 26, గది 18. హీటర్ ఆపేసి గంట తర్వాత చూస్తే థర్మామీటర్ 25 చూపించింది. యాభై లీటర్లు ఒక డిగ్రీ తగ్గాయంటే 58 వాట్-అవర్లు పోయాయి. గంటలో పోయాయి కాబట్టి, ఆ ట్యాంకు 58 వాట్ల చొప్పున వేడిని పారబోస్తోంది. గదికీ నీళ్లకూ తేడా 8 డిగ్రీలు. అంటే ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 7 వాట్లు.

ఈ 7 ఆ ట్యాంకు స్వభావం. ఈ ఒక్క అంకె చేతికి వస్తే మిగతాదంతా చిన్న గుణకారమే. ఇదే ట్యాంకును మూడు ఊళ్లలో పెట్టి చూద్దాం. ఫైటర్ కోసం నీళ్లు 26 దగ్గర ఉండాలనుకుందాం.

హైదరాబాద్‌లో జనవరిలో తెల్లవారుజామున గది లోపల 19 ఉందనుకుంటే తేడా 7, కావలసింది 49 వాట్లు. యాభై వాట్ల హీటర్ ఆ గంటల్లో ఆగకుండా వెలిగితే సరిగ్గా సరిపోతుంది, అదనంగా ఏమీ మిగలదు. 75 వాట్లదైతే మూడింట రెండు వంతుల సమయం వెలిగి మిగతా సమయం ఆరుతుంది. విజయవాడలో గది 23కు దిగిందనుకుంటే తేడా 3, కావలసింది 21 వాట్లు. పాతిక వాట్ల హీటరే చాలు. ఆదిలాబాద్‌లో పెంకుటిల్లు, గది 14కు దిగింది. తేడా 12, కావలసింది 84 వాట్లు. అక్కడ వంద వాట్లది పెడితే తప్ప చేప వెచ్చగా ఉండదు. నీళ్లు అవే. హీటర్ మాత్రం పాతిక నుంచి వంద దాకా మారింది.

ఇక్కడ వాతావరణ వార్తల్లో చెప్పే అంకెను కాక గది లోపలి అంకెను వాడాలి. బయట 12 ఉన్నా, పగటి ఎండ దాచుకున్న కాంక్రీటు ఇల్లు లోపల చాలా వెచ్చగా ఉంటుంది. కిటికీ పక్కన పెట్టిన ట్యాంకుకు మాత్రం ఆ లాభం అంతగా దక్కదు.

గ్యాలన్ల లెక్క, మూత లెక్క

అమెరికాలో ఇదే సూత్రం గ్యాలన్‌కు 3 నుంచి 5 వాట్లు అని వినిపిస్తుంది. వాళ్ల గ్యాలన్ 3.8 లీటర్లు కాబట్టి లీటరుకు 0.8 నుంచి 1.3 వాట్లు. అది తప్పు సూత్రం కాదు. మధ్యస్థంగా చల్లబడే గది, మధ్యస్థమైన ట్యాంకు అయితే సరిపోయే ఉజ్జాయింపు. గది గానీ, ట్యాంకు సైజు గానీ, మూత గానీ మారితే దాని లెక్క తప్పుతుంది.

సైజు సంగతి చూడండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో 250 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. నీళ్లు నాలుగున్నర రెట్లయ్యాయి, కానీ గాలికి తగిలే అద్దం, నీటిపైభాగం మూడు రెట్లే అయ్యాయి. వేడి పోయేది అక్కడినుంచే కాబట్టి, పెద్ద ట్యాంకుకు లీటరుకు ఒక వాట్ కంటే తక్కువే చాలు. చిన్న గాజు గిన్నె విషయంలో ఇది తిరగబడుతుంది. పది లీటర్లకు పది వాట్ల హీటర్ చాలదు. గిన్నె త్వరగా చల్లబడుతుంది, త్వరగా వేడెక్కుతుంది కూడా. చిన్న గిన్నెలో ఫైటర్‌ను సుఖంగా ఉంచడం తేలికని చాలామంది అనుకుంటారు. వేడి విషయంలో మాత్రం అదే అన్నిటికంటే కష్టం.

మూత గురించి మన షాపుల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ మాట్లాడాలి. ఒక లీటరు నీరు ఆవిరైతే దాంతోపాటు సుమారు 680 వాట్-అవర్ల వేడి పోతుంది. మూత లేని ట్యాంకులో రోజుకు అర లీటరు తగ్గుతోందంటే 340 వాట్-అవర్లు, సగటున గంటగంటకూ 14 వాట్లు గాల్లో కలుస్తున్నాయి. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకా ఎక్కువ. గాలి ఆడే సందు వదిలి ఒక అద్దపు మూత పెడితే ఇందులో చాలా భాగం ఆగిపోతుంది. యాభై వాట్ల హీటర్ చాలడం లేదని 75 వాట్లది కొనేవాళ్లలో కొందరికి నిజంగా కావలసింది మూతే.

ఆవిరి వల్ల ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. హీటర్ లేని, మూత లేని ట్యాంకు నీళ్లు గది కంటే ఒక డిగ్రీ అటూ ఇటూ తక్కువగానే ఉంటాయి. కుండలో నీళ్లు చల్లబడే కారణమే ఇక్కడా. పైన వేసిన లెక్కలో ఇది లేదు. అందుకే అంకె 49 వచ్చినప్పుడు సరిగ్గా యాభై కాక, బజారులో దొరికే తర్వాతి సైజు 75 వైపు చూడటంలో అర్థం ఉంది. 150 వైపు చూడటంలో లేదు. ఎందుకు లేదో ఇప్పుడు చూద్దాం.

ఆరకుండా ఉండిపోయిన హీటర్

హీటర్ పాడైందంటే మనకు తోచేది వెలగడం మానేసిందనే. వెలుగుతూ ఉండిపోవడం కూడా పాడైపోవడమే, అది మొదటిదానికంటే ప్రమాదకరం.

మామూలు గాజు గొట్టం హీటర్‌లో వేడిచేసే తీగ చుట్ట ఒకటి, దాన్ని ఆపి వెలిగించే థర్మోస్టాట్ ఒకటి ఉంటాయి. థర్మోస్టాట్‌లో రెండు వేర్వేరు లోహాలను అతికించిన సన్నని పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది, దాంతో పట్టీ వంగుతుంది. వంగినప్పుడు కరెంటు కలిసే మొన విడిపోతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. పైన ఉండే గుండీని తిప్పితే ఎంత వంగితే విడిపోవాలో మారుతుంది, అంతే. విడిపోయిన ప్రతిసారీ అక్కడ చిన్న మెరుపు పుడుతుంది. ఏళ్ల తరబడి ఆ మెరుపులకు మొనలు గుంటలు పడి, ఒకరోజు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ తర్వాత గుండీ ఎంత తిప్పినా హీటర్ ఆరదు.

అప్పుడు నీళ్లు ఎంత వేడెక్కుతాయి? మళ్లీ అదే 7 సాయం చేస్తుంది. వంద వాట్ల హీటర్ ఆగకుండా వెలిగితే, నీళ్లు గది కంటే వందను ఏడుతో భాగిస్తే వచ్చే 14 డిగ్రీలు పైకి పోతాయి. ఆదిలాబాద్ ఇంట్లో డిసెంబర్ రాత్రి గది 14 ఉంటే నీళ్లు 28. చేపకేమీ కాదు, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. అదే హీటర్, అదే గది మార్చి చివర్లో 28కి వస్తే నీళ్లు 42 వైపు పోతాయి. వేడి పెరిగేకొద్దీ ఆవిరి కూడా పెరుగుతుంది కాబట్టి నిజంగా 42 కాకపోవచ్చు, 38 అనుకున్నా చేపలు బతకవు. 20 డిగ్రీల లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల నీటిలో 7.6 మాత్రమే ఉండగలదు. ఒంటికి ఎక్కువ ఆక్సిజన్ కావలసిన సమయంలోనే నీళ్లలో అది తగ్గిపోతుంది. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తూ కనబడతాయి.

యాభై వాట్లది అతుక్కుపోతే పెరిగేది 7 డిగ్రీలే. పాతికది అయితే మూడున్నర. 150 వాట్లది "ఎందుకైనా మంచిది" అని పెట్టుకుంటే 21 డిగ్రీలు. హీటర్ చిన్నదైతే చలిలో తప్పుతుంది, పెద్దదైతే పాడైన రోజు తప్పుతుంది. వాట్లను ఎంచుకోవడమంటే ఈ రెండు తప్పుల మధ్య చోటు వెతకడం.

మా ఇంట్లో ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం హీటర్ మీది ఎర్ర దీపం వెలుగుతూ కనబడింది. గది వెచ్చగానే ఉంది, ఆ వేళ అది వెలగాల్సిన పని లేదు. థర్మామీటర్ 31 చూపించింది. గుండీ 26 మీదే ఉంది. ఎన్ని రోజులుగా అలా ఉందో తెలియదు. చలి రాత్రుల్లో నీళ్లు ఎప్పుడు చూసినా 26కు అటూ ఇటూగానే ఉండేవి, నేను అదంతా థర్మోస్టాట్ పనితనం అనుకున్నాను. ఆ రోజు ఇంట్లో లేకపోయి ఉంటే చేపలు మిగిలేవి కావు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మన దగ్గర చాలా ఇళ్లలో హీటర్ పని కూడా అక్కడికి అయిపోతుంది. దాని తర్వాత ప్లగ్‌లో ఉన్న హీటర్ నీళ్లకు చేసే మేలు చాలా తక్కువ, అతుక్కుపోతే చేసే కీడు మాత్రం ఆ నెలల్లోనే ఎక్కువ.

ఒకటి పెద్దదా, రెండు చిన్నవా?

దీనిమీద పెంచేవాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. 200 వాట్లు కావలసిన పెద్ద ట్యాంకులో 200 వాట్ల హీటర్ ఒకటి బదులు వంద వాట్లవి రెండు పెడితే, ఒకటి అతుక్కుపోయినా సగం వేడే వస్తుంది, ఒకటి ఆరిపోయినా సగం వేడి మిగులుతుంది అన్నది ఒక వాదన. పరికరాలు రెండయితే పాడయ్యే అవకాశమూ రెండింతలని, గాజు గొట్టం పగిలే ప్రమాదమూ రెండింతలని ఇంకో వాదన. రెండూ నిజమే. పెద్ద ట్యాంకులో మొదటి వాదనకు బలం ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఒక్క తప్పుకు పోయే చేపలు ఎక్కువ. రెండడుగుల ట్యాంకులో రెండు పాతిక వాట్ల హీటర్లు ఇరికించడం వల్ల వచ్చే లాభం తక్కువ.

ఇంకో మార్గం బయటి కంట్రోలర్. నీళ్లలో ఒక సెన్సర్ తీగ ఉంటుంది, హీటర్ ప్లగ్ కంట్రోలర్‌లోకి వెళ్తుంది. కంట్రోలర్‌ను 26 దగ్గర, హీటర్ గుండీని 28 దగ్గర పెడితే, ఒకదాని వెనక ఒకటి రెండు కాపలాలు ఉన్నట్టు. రెండూ ఒకేసారి అతుక్కుపోతే తప్ప చేపలకు ముప్పు రాదు. దీనికి తనదైన బలహీనత ఒకటుంది. సెన్సర్ తీగ జారి నీళ్ల బయట పడితే అది గది చలిని చూసి, నీళ్లు చల్లబడ్డాయనుకుని హీటర్‌ను వెలిగిస్తూనే ఉంటుంది. అప్పుడు ఆపేది హీటర్ సొంత గుండీ ఒక్కటే. ఆ గుండీని 34 మీద వదిలేస్తే రెండో కాపలా లేనట్టే.

డిజిటల్ అంకెలు చూపించే హీటర్లలో లోహపు పట్టీ బదులు చిన్న ఎలక్ట్రానిక్ సెన్సర్ ఉంటుంది. కచ్చితత్వం ఎక్కువ. కానీ వాటిలోని స్విచ్ కూడా మూసుకుపోయి ఉండిపోవచ్చు, పైగా ఆ అంకె హీటర్ పక్కనున్న నీళ్లదే, ట్యాంకు అవతలి మూలది కాదు. పీటీసీ రకంలో వేడయ్యేకొద్దీ కరెంటును తానే తగ్గించుకునే సిరామిక్ ఉంటుంది. గాజు ఉండదు కాబట్టి పగిలే భయం తక్కువ. నీళ్లు కాచుకునే ఇమ్మర్షన్ రాడ్డును ట్యాంకులో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. 1500 వాట్ల రాడ్డు యాభై లీటర్లను రెండు నిమిషాల చిల్లరకే ఒక డిగ్రీ పెంచేస్తుంది, ఆపే థర్మోస్టాట్ ఉండదు. అది అక్వేరియం వస్తువు కానే కాదు.

మన ఇళ్లకు అసలు హీటర్ కావాలా?

ఏళ్లుగా పెంచుతున్న వాళ్లు చాలామంది అక్కర్లేదంటారు. వాళ్ల మాటకు ఆధారం ఉంది. మన షాపులకు వచ్చే రంగుచేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరులో, కోల్‌కతా చుట్టుపక్కల పెంచినవే. ఆరుబయట తొట్లలో పెరిగి రాత్రికీ పగటికీ ఉండే తేడాలకు అలవాటు పడినవే. విశాఖ, విజయవాడ లాంటి చోట గప్పీలు, మోలీలు హీటర్ లేకుండానే తరాలు గడుపుతున్నాయి.

కావాలనేవాళ్లు చూపించేది వేడి తగ్గడం కంటే ఊగిసలాటను. పెద్ద చెరువు నీళ్లు ఒక రాత్రిలో ఒకటి రెండు డిగ్రీలకు మించి మారవు. ఇరవై లీటర్ల ట్యాంకు ఐదారు డిగ్రీలు మారగలదు. చేపను దెబ్బతీసేది 23 అన్న అంకె కంటే, 27 నుంచి 23కు రాత్రికి రాత్రే దిగడం. నా ఉద్దేశంలో ఈ రెండు వాదనలూ వేర్వేరు ట్యాంకుల గురించి మాట్లాడుతున్నాయి. తీరప్రాంతంలో పెద్ద ట్యాంకు, గట్టి జాతి చేపలు అంటే మొదటివాళ్లు చెప్పేది సరిపోతుంది. తెలంగాణలో చిన్న ట్యాంకు, ఫైటర్ లేదా పిల్లచేపలు అంటే రెండోవాళ్లదే నిజం. డిస్కస్ పెంచేవాళ్లకు ఈ చర్చ అవసరమే లేదు, ఏ ఊళ్లోనైనా హీటర్ ఉండాల్సిందే.

ఈ చర్చలో తరచూ మరిచిపోయేది ఏసీ గది. మే నెలలో పగలు 34 ఉన్న పడకగది రాత్రి ఏసీతో 23కు దిగుతుంది. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి కూడా పెరుగుతుంది. ఆ ట్యాంకుకు డిసెంబర్ కంటే మే నెల కష్టం. అక్కడ హీటర్ పెట్టడం కంటే ట్యాంకును హాల్లోకి మార్చడమే మేలనిపిస్తుంది.

నీళ్లు మార్చిన రోజు కూడా ఇలాంటిదే. యాభై లీటర్లలో పదిహేను లీటర్లు తీసి, పొద్దున్నే మేడమీది ట్యాంకు నుంచి 18 డిగ్రీల నీళ్లు పోస్తే, 26 ఉన్న ట్యాంకు ఒక్కసారిగా 23.6కు వస్తుంది. వంద వాట్ల హీటర్ కూడా దాన్ని తిరిగి ఎక్కించడానికి కనీసం గంటన్నర పడుతుంది. కొత్త నీళ్లలో ఒక చెంబు వేడినీళ్లు కలిపితే ఈ కుదుపే ఉండదు.

హీటర్ చెప్పే లక్షణాలు

దీపం వెలుగుతోంది, నీళ్లు వెచ్చబడటం లేదు. ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. కారణాలు మూడు, వాటిని విడదీసేది గది థర్మామీటర్. రాత్రి నీళ్లు గది కంటే ఆరేడు డిగ్రీలు ఎక్కువే ఉంటే హీటర్ బాగానే ఉంది, దానికి శక్తి చాలడం లేదు. నీళ్లు గదితో సమానంగా గానీ ఒక డిగ్రీ తక్కువగా గానీ ఉంటే లోపలి తీగ చుట్ట తెగిపోయింది. కొన్ని రకాల్లో దీపానికీ చుట్టకూ దారి వేరు కాబట్టి చుట్ట తెగినా దీపం వెలుగుతుంది. హీటర్ దగ్గర వెచ్చగా, అవతలి మూల చల్లగా ఉంటే లోపం నీళ్ల కదలికలో ఉంది. వెచ్చని నీళ్లు పైకి చేరి అక్కడే ఉండిపోతాయి. ఫిల్టర్ నీళ్లు దూకే చోట హీటర్‌ను పెట్టమనేది అందుకే.

గుండీ 26 మీద ఉంది, నీళ్లు 24 ఉన్నాయి, హీటర్ ఆరిపోయింది. ఇది పాడవడం కాదు. గుండీ మీది అంకెలు ఉజ్జాయింపే. గుండీని 28కి తిప్పితే నీళ్లు 26కు వస్తాయి. నమ్మాల్సింది నీళ్లలోని థర్మామీటర్‌ను. అద్దానికి బయట అతికించే స్టిక్కర్ థర్మామీటర్ అద్దం వేడిని చూపిస్తుంది. అది నీళ్లకూ గదికీ మధ్య ఎక్కడో ఉంటుంది కాబట్టి చలికాలంలో తక్కువే చూపిస్తుంది.

గొట్టం మీద తెల్లని పెంకు కట్టింది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది తప్పదు. ఆ నీళ్లలోని సున్నం వేడి తగిలిన చోట బయటపడి అంటుకుంటుంది, గీజర్‌లో కట్టినట్టే. పెంకు మందమైతే వేడి నీళ్లలోకి సరిగ్గా పోక గొట్టం లోపలే పెరుగుతుంది. వెనిగర్‌లో కాసేపు ఉంచితే పెంకు కరిగిపోతుంది.

గొట్టం లోపల తేమ చుక్కలు కనబడుతున్నాయి. దీనికి మరమ్మతు లేదు. లోపలికి నీళ్లు చేరాయి, కరెంటుకూ ట్యాంకుకూ మధ్య గోడ పోయింది. ఆరబెట్టి మళ్లీ వాడినవాళ్ల అనుభవాలు వింటుంటే నాకు భయం వేస్తుంది.

గొట్టం పగలడానికి ఎక్కువగా కారణం నీళ్లు మార్చే పనే. నీళ్లు తీస్తుంటే హీటర్ బయటపడుతుంది, గాలిలో నిమిషాల్లో కాలిపోయేంత వేడెక్కుతుంది, తర్వాత చల్లని నీళ్లు తగిలి గాజు చిట్లుతుంది. ప్లగ్ తీసి ఓ పావుగంట ఆగితే ఇది జరగదు.

ట్యాంకులో చేయి పెడితే జివ్వుమంటోంది

వంద వాట్ల హీటర్ తీసుకునే కరెంటు 0.43 ఆంపియర్లు. చిట్లిన హీటర్ నుంచి నీళ్లలోకి వచ్చేది అందులో చిన్న భాగమే కావచ్చు. ఇంట్లోని ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తెంపే స్విచ్, 6 ఆంపియర్లు దాటితే గానీ కదలదు, కాబట్టి ఈ లీకేజీ దానికి కనబడదు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లకు మించి పోతే ప్రాణం మీదకు రావచ్చు. ఈ లీకేజీని పసిగట్టేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని చూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే క్షణంలో తెంపేస్తుంది. పాత ఇళ్లలో చాలావాటికి ఇది లేదు. అక్వేరియం ఉన్న ఇంటికి ఇది హీటర్ కంటే ముందు ఉండాల్సిన వస్తువని నా గట్టి నమ్మకం.

నీళ్లకు టెస్టర్ తగిలిస్తే వెలుగుతోందని కంగారు పడేవాళ్లుంటారు. గాజు ట్యాంకులో నీళ్లకు భూమితో సంబంధం లేదు. పంపు, హీటర్ బాగానే ఉన్నా వాటి పక్కన నీళ్లలో కాస్త వోల్టేజీ చేరుతుంది, టెస్టర్ మసకగా వెలగవచ్చు. నిజమైన లీకేజీకి కూడా అది వెలుగుతుంది. టెస్టర్ ఈ రెండింటినీ విడదీయలేదు కాబట్టి, ప్లగ్‌లన్నీ తీశాకే చేయి పెట్టడం తప్ప దారి లేదు. ఎర్త్ తీగను నీళ్లలో వేలాడదీయడం మీద కూడా వాదన ఉంది. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది మంచిదే, లీకేజీ పుట్టగానే కరెంటు తెగిపోతుంది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో లీకేజీ నిశ్శబ్దంగా కొనసాగుతుంది. పైగా ఒక చేయి నీళ్లలో, ఇంకో చేయి షాక్ ఉన్న లైటు మీద పడితే కరెంటుకు మన ఒంట్లోంచే దారి దొరుకుతుంది.

వోల్టేజీ, సూట్‌కేసులో వెళ్లిన హీటర్

హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులకు వంద వాట్లు ఇచ్చేది, 200 వోల్టులే వచ్చే ఊళ్లో 76 వాట్లే ఇస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడి హీటర్ తీసుకెళ్లి ప్లగ్ మార్చి పెడితే, అక్కడి 120 వోల్టులకు అది ఇచ్చేది 27 వాట్లే. అక్కడిది తెచ్చి ఇక్కడ పెడితే మూడున్నర రెట్లకు పైగా శక్తి లాగి కాలిపోతుంది, గొట్టం పగలొచ్చు.

కరెంటు పోయినప్పుడు మాత్రం హీటర్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. పైన కొలిచిన ట్యాంకు మొదటి గంటలో ఒక డిగ్రీయే తగ్గింది, తర్వాత ఇంకా నెమ్మదిస్తుంది. చేపలు ఎక్కువగా ఉంటే అంతకంటే ముందు ఆక్సిజన్ తగ్గుతుంది, బ్యాటరీ ఎయిర్ పంపు అప్పుడు ఎక్కువ పనికొస్తుంది.

వేసవంతా అటకమీద పడున్న హీటర్‌ను నవంబర్‌లో నేరుగా ట్యాంకులో వేయకుండా, నేను ముందు బకెట్ నీళ్లలో పెడతాను. నీళ్లలో మునిగాక పావుగంట ఆగి ప్లగ్ పెట్టి, గుండీని 26కు తిప్పి, థర్మామీటర్ వేసి సాయంత్రం దాకా వదిలేస్తాను. మధ్యలో రెండు మూడుసార్లు దీపం ఆరడం కళ్లారా చూసిన హీటరే చేపల దగ్గరికి వెళ్తుంది.